లినక్స్ సర్వర్లకు రోజువారీ తనిఖీ, పొద్దుటి ఉత్తరం

టేక్రా దగ్గర ప్రాణహిత మీద, పాతగూడెం దగ్గర ఇంద్రావతి మీద, పేరూరు దగ్గర గోదావరి మీద కేంద్ర జలసంఘం వారు నీటిమట్టం కొలుస్తారన్న సంగతి మన సిరోంచ ప్రాంతంలో చాలామందికి తెలుసు. పొద్దున ఎనిమిది గంటలకు అక్కడి మనిషి కొలబద్ద చూసి అంకె రాసుకుంటాడు. ఆ అంకె పై కార్యాలయానికి చేరుతుంది. వరద రోజుల్లో గంటగంటకూ చేరుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు ఎక్కినప్పుడు దిగువ వాళ్ళకు ఆసరాగా నిలిచినవి ఎగువ నుంచి వచ్చే ఈ అంకెలే. అంకె పెరిగితే భయం, తగ్గితే ధైర్యం. మరి అసలు అంకే రాకపోతే? రాలేదు కాబట్టి నది బాగానే ఉందనుకుని ఎవరూ నిద్రపోరు. మనిషికేమైంది, వైర్‌లెస్సుకేమైంది, నీళ్ళు కొలబద్దనే తీసుకుపోయాయా అని ఆరా తీస్తారు.

ఈనాటి ప్రసంగాంశం నది కాదు, కంప్యూటరు. లినక్స్ మీద నడిచే సర్వర్లకు రోజూ ఒక వేళకు భద్రతా తనిఖీ జరిగేటట్టు అమర్చడం, ఆ తనిఖీ ఫలితం ఈమెయిలుగా మనిషికి చేరేటట్టు చూడటం. అయినా నదిని ముందుగా తలచుకున్నందుకు కారణముంది. ఆ ఉత్తరం రాని రోజున మన కార్యాలయాల్లో చాలామంది హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. ఊపిరి బిగబట్టవలసింది ఆ రోజే.

సర్వరు అంటే అదేదో మహానగరంలో చల్లటి గదిలో ఉండే వస్తువనుకోకండి. పదిమంది కంప్యూటర్లకు కావలసిన కాగితాలను తన దగ్గర పెట్టుకుని, అడిగినవాళ్ళకు అందించే యంత్రమేదైనా సర్వరే. బడిలో పిల్లల హాజరు, మార్కులు దాచే పెట్టె సర్వరు. ఆసుపత్రిలో రోగుల కేసు కాగితాలు ఉండే పెట్టె సర్వరు. పత్‌సంస్థలో కూలీనాలీ చేసుకునే వాళ్ళ డిపాజిట్ల లెక్క రాసిన పెట్టె సర్వరు. లినక్స్‌కు లైసెన్సు రుసుం లేదు, పాత యంత్రం మీదనైనా నడుస్తుంది. కాబట్టి డబ్బు తక్కువగా ఉన్నచోట దానికి గిరాకీ. 1991లో ఫిన్లాండులో ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి, లైనస్ టోర్వాల్డ్స్, మొదలుపెట్టిన పని ఇవాళ ప్రపంచంలోని పెద్ద పెద్ద కంప్యూటర్లను నడుపుతోంది.

పెద్ద సర్వర్లకు కావలి వాళ్ళు వేరే ఉన్నారు. మన సాత్‌బారా ఉతారా ఒకప్పుడు తలాఠీ దఫ్తరంలో గుడ్డ మూటలో ఉండేది, ఇప్పుడు సర్వరులో ఉంది. నది దాటితే మన చుట్టాల పహాణీ సంగతీ అంతే. అది 2020లో ధరణిలోకి ఎక్కింది, 2025లో భూభారతిలోకి మారింది. వాటి భద్రత చూసే బాధ్యత ముంబయిదీ హైదరాబాదుదీ. భామ్రాగడ్‌లోనో అహేరిలోనో ఒక బల్ల కింద నడిచే యంత్రానికి అలాంటి కావలి ఎవరూ లేరు. అది చెడితే నాగపూరు నుంచి మనిషి రావాలి. ఆ మనిషి వచ్చేలోగా రోడ్డు ఉంటుందో లేదో వానాకాలంలో చెప్పలేం.

చెడితే ఏమవుతుందో ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి చూసింది. 2022 నవంబరు 23న దాడి చేసినవాళ్ళు అక్కడి అయిదు సర్వర్లలోని సమాచారాన్ని ఎవరికీ చదవడానికి వీల్లేకుండా తాళం వేశారు. దేశంలోకెల్లా పేరున్న ఆసుపత్రి కొన్ని రోజులపాటు చీటీలు చేత్తో రాసుకుంటూ నడిచింది. అంతకు ముందు 2017 మే నెలలో వన్నాక్రై అనే తెగులు ప్రపంచమంతా తిరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. వన్నాక్రై పట్టింది విండోస్ యంత్రాలను. దాన్ని చూసి లినక్స్‌కు ఏమీ కాదని కొందరు ధీమాగా చెబుతుంటారు. 2011 ఆగస్టులో లినక్స్ మూలప్రతిని ప్రపంచానికి పంచిపెట్టే సర్వర్లలోకే దొంగలు దూరారు. సంగతి బయటపడింది 28వ తేదీన. వాళ్ళు దూరింది అంతకు రెండు వారాల పైచిలుకు ముందే. లినక్స్ పుట్టింట్లోనే అలా జరిగితే మన బల్ల కింది పెట్టె ఏపాటి?

ఇక తనిఖీ ఎలా జరుగుతుందో చూద్దాం. 1992లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ట్రిప్‌వైర్ అనే పరికరం తయారైంది. దాని కిటుకు చాలా సులువైనది. యంత్రం శుభ్రంగా ఉన్న రోజున ముఖ్యమైన ఫైళ్ళన్నిటి వేలిముద్రలు తీసి పెట్టుకుంటుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా వేలిముద్ర మారిపోయేటట్టు లెక్క కట్టి ఉంటుంది. ఆ తర్వాత రోజూ కొత్త ముద్ర తీసి పాతదానితో పోల్చి, తేడా వచ్చినవాటి పేర్లు చెబుతుంది. ఇవాళ అదే పని ఎయిడ్ అనే ఉచిత పరికరం చేస్తుంది. 2003లో వచ్చిన ఆర్‌కేహంటర్, 1997 నుంచీ ఉన్న సీహెచ్‌కేరూట్‌కిట్ అనేవి మరో రకం. దొంగ తన జాడ కనబడకుండా చేసుకోవడానికి వాడే సరంజామాను రూట్‌కిట్ అంటారు, ఇవి దాని గుర్తుల కోసం వెదుకుతాయి. క్లామ్ఏవీ అనేది ఫైళ్ళలో వైరసుల గుర్తుల కోసం వెదుకుతుంది. అది పట్టేవి చాలావరకు విండోస్ వైరసులే. అయినా బడి సర్వరులో పిల్లలు పెన్‌డ్రైవులతో తెచ్చిన ఫైళ్ళు పడుతుంటాయి కాబట్టి పనికొస్తుంది. కాకపోతే దానికి జ్ఞాపకశక్తి చాలా కావాలి. ఒక్క జీబీ ఉన్న ముసలి యంత్రం మీద పెడితే తనిఖీ మధ్యలోనే ఊపిరాగిపోతుంది.

వేలిముద్రలు తీసేది శుభ్రమైన రోజున అన్నాను. దొంగ దూరిన తర్వాత తీసిన ముద్రలు ఆ దొంగకు పోలీస్ పాటిల్ రాసిచ్చిన మంచి నడవడి పత్రం లాంటివి. యంత్రం కొత్తగా అమర్చిన రోజునే, బయటి తీగ తగిలించకముందే ముద్రలు తీయాలి. వాటి నకలు వేరే చోట, పెన్‌డ్రైవులోనో సీడీలోనో దాచాలి. పెట్టెలోనే ఉంచితే, వచ్చినవాడు ఫైలుతోపాటు ముద్రనూ మార్చి పోతాడు.

వేళ సంగతికి వద్దాం. ఇక్కడే మన ప్రాంతానికీ పుస్తకానికీ పొత్తు కుదరదు. లినక్స్‌లో పనులను వేళకు చేయించే గుమస్తా పేరు క్రాన్. యూనిక్స్ కాలం నుంచీ, అంటే 1970ల నుంచీ ఉన్నాడు. అతనికి మనం ఇచ్చే చీటీలో అయిదు గడులుంటాయి. నిమిషం, గంట, తేదీ, నెల, వారం. ముప్పై, రెండు అని రాసి మిగతా మూడు గడుల్లో నక్షత్రం గుర్తు పెడితే, ప్రతి రోజూ రాత్రి రెండున్నరకు అని అర్థం. ఆ వేళకు ఎవరూ పని చేయరు కాబట్టి యంత్రం మీద బరువుండదని పుస్తకాలు చెబుతాయి. నగరంలో అది నిజమే. మన దగ్గర సాయంత్రం అయిదింటికి గుమస్తా గారు మీట నొక్కి, తాళం వేసి వెళ్ళిపోతారు. మీట నొక్కకపోయినా రాత్రి కరెంటు పోతుంది, బ్యాటరీ గంటకు మించి రాదు. రెండున్నరకు యంత్రమే నిద్రలో ఉంటే తనిఖీ చేసేదెవరు? క్రాన్ గుమస్తా చాలా నిక్కచ్చి మనిషి. వేళ దాటిపోయిన పని గురించి మర్నాడు ఆలోచించడు, ఫలానా పని జరగలేదని చెప్పనూ చెప్పడు. ఇలా నెలల తరబడి ఒక్క తనిఖీ కూడా జరగని యంత్రం కాగితం మీద మాత్రం రోజూ తనిఖీ అయ్యే యంత్రంగానే చలామణీ అవుతుంది.

దీనికి విరుగుడు ఉంది. అనాక్రాన్ అని అతనికి ఒక తమ్ముడున్నాడు. రోజుకొకసారి అని చెబితే చాలు. యంత్రం లేచిన తర్వాత, ఈ రోజు పని అయిందా లేదా అని చూసుకుని, కాకపోతే కొన్ని నిమిషాలాగి తానే చేయిస్తాడు. కొత్త లినక్స్‌లలో సిస్టమ్‌డీ టైమర్లు అనేవి వచ్చాయి. తప్పిపోయిన వేళను గుర్తుపెట్టుకోమని వాటిలో ఒక్క పంక్తి రాస్తే అదే ఫలితం. భామ్రాగడ్, ఏటాపల్లి లాంటి చోట్ల ఈ రెండింటిలో ఒకటి లేకుండా తనిఖీ అమర్చడం దండగని నా అభిప్రాయం.

వేళ గురించి ఇంకొక తిరకాసు. చాలా సర్వర్లు మన గడియారంతో కాక ప్రపంచ ప్రామాణిక కాలంతో నడుస్తాయి. మన కాలం దానికి అయిదున్నర గంటలు ముందు. అక్కడ రెండున్నర అని రాస్తే ఇక్కడ సరిగ్గా పొద్దున ఎనిమిది. టేక్రాలో కొలబద్ద చూసే వేళకే మన సర్వరు తనను తాను చూసుకోవడం మొదలుపెడుతుందన్నమాట. కార్యాలయం తెరిచేలోగా పని ముగుస్తుంది కాబట్టి యంత్రం రాత్రంతా నడిచే చోట అది మంచి వేళే. తెలిసి ఎంచుకుంటేనే సుమా.

తనిఖీ అయింది. ఫలితం ఎవరికి చేరాలి? ఏమీ చెప్పకపోతే యంత్రం తన ఉత్తరాన్ని రూట్ అనే పేరుకు, అంటే యంత్రం యజమాని పేరుకు, ఆ పెట్టెలోనే ఉన్న తపాలా డబ్బాలో వేస్తుంది. ఆ డబ్బా ఒకటున్నదని తెలిసినవాళ్ళే తక్కువ. అందులో ఏళ్ళ తరబడి తెరవని ఉత్తరాలు పేరుకుపోయి ఉంటాయి. కాబట్టి మొదటి పని, రూట్ పేరున వచ్చేదంతా ఫలానా మనిషి చిరునామాకు పంపమని చిరునామా మార్పు రాయడం. రెండో పని, ఆ ఉత్తరాన్ని బయటి ప్రపంచానికి చేర్చే దారి చూడటం. పల్లెలోని చిన్న యంత్రం నేరుగా పంపే ఉత్తరాన్ని పెద్ద మెయిలు సంస్థలు నమ్మవు. చెత్త డబ్బాలో వేస్తాయి, లేదా గుమ్మం నుంచే తిప్పి పంపుతాయి. తెలిసిన ఒక మెయిలు ఖాతా ద్వారా సంతకంతో పంపిస్తేనే నమ్ముతాయి. అమర్చిన రోజున ఒక ప్రయోగపు ఉత్తరం వేసి, అది నిజంగా చేరిందో లేదో అవతలివాళ్ళను ఫోనులో అడిగి తెలుసుకోవాలి.

మూడోది వానాకాలం. పర్లకోట నీళ్ళు వంతెన మీదికెక్కి భామ్రాగడ్ దీవిలా మిగిలిపోయిన వానాకాలాలు ఎన్ని గడిచాయో మీకు నేను చెప్పనక్కరలేదు. పర్లకోట, పాముల గౌతమి, ఇంద్రావతి మూడూ కలిసే చోటు అది. రోడ్డుతోపాటు ఒక్కోసారి ఫోను లైన్లూ పోతాయి. అప్పుడు యంత్రం రాసిన ఉత్తరం ఏమవుతుంది? పోస్ట్‌ఫిక్స్ అనే తపాలా కార్యక్రమం దాన్ని దగ్గర పెట్టుకుని మళ్ళీమళ్ళీ ప్రయత్నిస్తుంది. మనం మార్చకపోతే అలా అయిదు రోజులు చూస్తుంది. ఆరో రోజున చేరలేదని రాసి పంపినవాడికే తిప్పికొడుతుంది. పంపినవాడెవడు? ఆ యంత్రమే. సంవత్సరంలో మూడు నెలలు వానలుండే చోట ఈ అయిదును పదిహేను చేసుకోవడం మంచిది. అది ఒక్క పంక్తి మార్పు.

ఇప్పుడు అసలు చిక్కు. చాలా పరికరాలు ఏదైనా అనుమానముంటేనే ఉత్తరం రాసేటట్టు అమర్చి వస్తాయి. క్రాన్ కూడా అంతే. పని మౌనంగా ముగిస్తే ఉత్తరమే రాయడు. ఇది ఇష్టపడేవాళ్ళున్నారు. రోజూ క్షేమం, క్షేమం అని ఉత్తరం వస్తే ఎవరు చదువుతారు, అలవాటైపోయి అసలు ప్రమాదం రాసిన ఉత్తరాన్ని కూడా అలాగే తోసేస్తారు అని వాళ్ళ వాదన. అందులో నిజం లేకపోలేదు. వంద యంత్రాలున్న హైదరాబాదు కంపెనీలో, వాటిని చూడటానికి మరో యంత్రం, దాన్ని చూడటానికి మూడు పాళీల మనుషులు ఉంటారు కాబట్టి మౌనం అక్కడ చెల్లుతుంది. మన దగ్గర మౌనానికి ఎన్ని అర్థాలో లెక్కపెట్టండి. అనుమానమేమీ లేకపోయి ఉండవచ్చు. కరెంటు లేకపోయి ఉండవచ్చు. తనిఖీ మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు. ఉత్తరం దారిలో ఉండవచ్చు. దొంగ ముందుగా తనిఖీనే ఆపేసి ఉండవచ్చు, తెలిసిన దొంగ చేసే మొదటి పని అదే. బడిలో హాజరు పిలిచేటప్పుడు పలకని పిల్లవాడిని వచ్చినట్టు వేయం కదా. అందుకని నేను రోజువారీ ఉత్తరం పక్షమే.

అయితే దాన్ని చదవగలిగేటట్టు రాయించాలి. ఆర్‌కేహంటర్ నివేదిక మొత్తం పంపితే ఇంగ్లీషులో పుటలు పుటలుగా ఉంటుంది. దాన్ని రోజూ చదివే గుమస్తా ఈ జిల్లాలోనే కాదు, ఎక్కడా ఉండడు. పైన రెండు పంక్తులు మన భాషలో ఉండాలి. ఫలానా యంత్రం, ఫలానా తేదీ, తనిఖీ ముగిసింది, చూడవలసినవి సున్నా. లేదా చూడవలసినవి రెండు. వివరమంతా కింద ఉంటుంది, కావలసినవాళ్ళు చూస్తారు. ఇవాళ లినక్స్‌లో తెలుగూ మరాఠీ రెండూ చక్కగా పలుకుతాయి. చదివే మనిషి మరాఠీవాడైతే మరాఠీలో, తెలుగువాడైతే తెలుగులో ఆ రెండు పంక్తులు రాయించడానికి పది నిమిషాలు పట్టదు. ఈ చిన్న పనిని సాంకేతిక నిపుణులు చిన్నచూపు చూస్తారెందుకో.

ఉత్తరం రాలేదని గమనించే పని మాత్రం ఆ యంత్రానికే అప్పగించకూడదు. పడిపోయినవాడు తాను పడిపోయానని చెప్పలేడు. వేరే ఊళ్ళో ఉన్న మరో యంత్రం పది గంటలకల్లా ఉత్తరం చేరిందా అని చూసి, చేరకపోతే ఫోనుకు సందేశం పంపేటట్టు అమర్చవచ్చు. అది కుదరకపోతే గోడ మీద ఒక అట్ట, తేదీల గడులు, రోజూ ఒక టిక్కు చాలు. ఖాళీ గడి దూరం నుంచి కూడా కనబడుతుంది.

తప్పుడు హెచ్చరికల గురించి కూడా చెప్పాలి, లేకపోతే మొదటి వారంలోనే భయపడి అన్నీ ఆపేస్తారు. లినక్స్‌కు నవీకరణలు వచ్చినప్పుడు ఫైళ్ళు మారతాయి, మర్నాడు ఆర్‌కేహంటర్ గగ్గోలు పెడుతుంది. యంత్రానికి నెట్ చిరునామా తెచ్చిపెట్టే మామూలు కార్యక్రమాన్ని సీహెచ్‌కేరూట్‌కిట్ దొంగచాటుగా వినేవాడని అనుమానిస్తుంది. ఇవి ఎక్కడైనా ఉండేవే. నవీకరణ చేసిన తేదీ పుస్తకంలో రాసి ఉంటే, హెచ్చరిక తేదీని దానితో పోల్చుకోవచ్చు. సరిపోతే కొత్త వేలిముద్రలు నమోదు చేయమని ఆజ్ఞ ఇవ్వాలి. పోల్చకుండా, గోల పోతే చాలునని ఆ ఆజ్ఞ ఇచ్చేవాళ్ళను చూశాను. దొంగకు తాళంచెవి చేయించి ఇవ్వడమే అది.

కావలివాడిలోనూ లోపముండవచ్చు. 2014లో సీహెచ్‌కేరూట్‌కిట్‌లోనే ఒక కన్నం బయటపడింది. తాత్కాలిక ఫైళ్ళు ఉంచే చోట ఒక ప్రత్యేకమైన పేరుతో ఎవరైనా ఫైలు పెడితే, రోజువారీ తనిఖీ వేళకు ఆ ఫైలు యజమాని అధికారంతో నడిచేది. తర్వాతి విడుదలలో దాన్ని పూడ్చారు. అందుకే తనిఖీ పరికరాలకు కూడా నవీకరణ తప్పదు. అన్నిటినీ తనిఖీయే పట్టుకుంటుందనుకోవడమూ పొరపాటే. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే చిన్న కార్యక్రమంలో ఎవరో దాచిన దొంగదారి బయటపడింది. దాన్ని పట్టింది ఏ తనిఖీ పరికరమూ కాదు. దూరం నుంచి యంత్రంలోకి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు విసుక్కుని తవ్వి చూశాడు. తన యంత్రం రోజూ ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కాబట్టి ఆ అర సెకను అతనికి తగిలింది. రోజూ ఉత్తరం చూసే గుమస్తాకూ కొన్ని నెలలకు అలాంటి చూపు వస్తుంది. మామూలుగా నాలుగు నిమిషాల్లో ముగిసే తనిఖీ ఇవాళ నలభై నిమిషాలు పట్టిందేమిటని అడుగుతాడు.

నిజంగానే అనుమానం గట్టిపడితే ఏం చేయాలి? చాలామంది యంత్రాన్ని వెంటనే ఆపేస్తారు. అలా చేస్తే జ్ఞాపకంలో ఉన్న ఆధారాలు పోతాయి. నెట్ తీగ మాత్రం పీకి, యంత్రాన్ని అలాగే ఉంచి, తెలిసినవాళ్ళను పిలవాలి. కేంద్ర ప్రభుత్వానికి సర్ట్-ఇన్ అనే సంస్థ ఉంది. 2022 ఏప్రిల్ 28న అది ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు ఇటువంటి సంఘటనలను గమనించిన ఆరు గంటల్లోగా తెలియజేయాలి. యంత్రం రాసుకునే దినచర్య పట్టీలను 180 రోజులు భద్రపరచాలి. ఆరు గంటలంటే మనకు గడ్చిరోలి బస్సు దిగేసరికే సరిపోతుంది కాబట్టి, ఆ చిరునామా, ఫోను నంబరు ముందే ఆ అట్ట మీద రాసి ఉంచుకోవాలి.

ఇక మిగిలింది సెలవుల సంగతి. విదర్భలో ఎండలకు బడులు జూన్ ఆఖరు దాకా తెరవరు, నది అవతల జూన్ రెండో వారానికే తెరుస్తారు. ఆ రోజుల్లో ఉత్తరం చూసే మనిషి ఊళ్ళో ఉండడు. అతనికి బదులు ఎవరో ఒకరి పేరు ముందే రాసి ఉండాలి, ఆ పేరుగల మనిషికి ఆ సంగతి తెలిసి ఉండాలి. అలాంటి మనిషి లేకపోతే ఆఖరి పనిదినాన సర్వరు ఆపేసి, నకలు తీసుకుని, నెట్ తీగ ఊడదీసి వెళ్ళడమే మేలు. తెరిచిన రోజున మొదట నవీకరణలు, తర్వాత తనిఖీ, ఉత్తరం చేరిందని తెలిశాకే కొత్త పిల్లల పేర్లు ఎక్కించడం.